చీమ నెత్తిన తెల్లని ఆకాశం

వానలు మొదలయ్యాక తుమ్మ కొమ్మల మీద వాలే జీరంగిని సాదా కెమెరాతో, దాని ఫ్లాష్‌ వేసి, దగ్గరగా ఫోటో తీసి చూడండి. అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరిగిన పిల్లలకు తెలిసిన ఆ పచ్చని తళతళ అందులో ఉండదు. వీపు నడుమ కళ్లు జిగేలుమనే తెల్లని మరక ఒకటి ఉంటుంది. దాని చుట్టూ ముదురు గోధుమ రంగు, ఆ వెనక చిమ్మచీకటి. కింది సగం మీద కెమెరా లెన్సు గొట్టం నీడ కూడా పడితే పడవచ్చు. తీసినవారు సాధారణంగా కెమెరాను తిడతారు. లక్ష పెట్టి కెమెరా, మరో అరలక్ష పెట్టి మాక్రో లెన్సు కొంటే తప్ప ఈ పని మనకు అబ్బదనుకుంటారు.

లక్షన్నర పెట్టి కొన్నా, అంతే చిన్న ఫ్లాష్‌ను అదే చోటి నుంచి వేస్తే వచ్చేది అదే మరక. కాకపోతే మరింత స్పష్టంగా వస్తుంది. పురుగుల ఫోటోల్లో అసలు సంగతి కెమెరాలో కన్నా వెలుగులో ఉంది. వెలుగులోనూ అది ఎంత బలమైనదన్నది రెండో మాట. పురుగు కూర్చున్న చోటి నుంచి చూస్తే ఆ వెలుగు ఎంత వెడల్పుగా కనిపిస్తుందన్నది మొదటి మాట. ఈ ఒక్కటీ పట్టుబడితే ఖాళీ అయిన పెరుగు డబ్బాతో కూడా మంచి ఫోటో తీయవచ్చు.

ముందు ఆ మరక ఏమిటో చూద్దాం. ఒక స్టీలు గరిటె వెనక వైపు తిప్పి పట్టుకోండి. ట్యూబ్‌లైటు కింద దాని మీద సన్నని తెల్లగీత కనిపిస్తుంది. కిటికీ దగ్గరికి వెళితే ఆ గీత పోయి బుల్లి కిటికీ కనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు ఆరుబయట పట్టుకుంటే గీతా ఉండదు, కిటికీ ఉండదు, గరిటె పైభాగమంతా మెత్తని కాంతి పరుచుకుంటుంది. పెంకు పురుగు వీపు కూడా ఇటువంటి ఉబ్బెత్తు అద్దమే. పురుగు ఒంటి మీది కవచం కైటిన్‌తో, ప్రోటీన్లతో తయారవుతుంది. ఒంట్లోని నీరు ఆవిరైపోకుండా దాని పైన పల్చని మైనపు పూత ఉంటుంది. ఈ పై పొర నున్నగా ఉన్నచోట తన మీద పడ్డ వెలుగును అద్దం తిప్పికొట్టినట్టే తిప్పికొడుతుంది. కాబట్టి ఫోటోలో కనిపించే తెల్లదనం పురుగుది కాదు, అది ఫ్లాష్‌ బల్బు ప్రతిబింబం. బల్బు చిన్నది కనుక ప్రతిబింబమూ చిన్నదే. వచ్చిన వెలుగంతా ఆ చుక్కలోనే కుక్కుకుని ఉండడంతో కెమెరాలో బొమ్మను పట్టే సెన్సరు అక్కడ చేతులెత్తేస్తుంది. అంతే వెలుగును వెడల్పుగా పరిస్తే ప్రతిబింబం కూడా వీపంతా పరుచుకుని, ఎక్కడా తెల్లగా మాడిపోదు.

జీరంగి దగ్గర ఇంకో మెలిక ఉంది. దాని పచ్చదనం ఆకులోని పచ్చదనంలా రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. రెక్కపెంకు పైభాగంలో చాలా పల్చని పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వాటి నుంచి వెనక్కి తిరిగిన కిరణాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని చెరిగిపోతాయి. అంటే ఆ రంగు మొత్తం ప్రతిబింబంలోనే ఉంది. వెలుగు తిరిగి కంటికి చేరే కోణం కుదిరిన చోటే పచ్చదనం, కుదరని చోట అడుగున ఉన్న నల్లని గోధుమరంగు. చిన్న ఫ్లాష్‌ వేస్తే ఆ కోణం కుదిరేది ఒక్క చుక్కలోనే. ఆ చుక్క కాస్తా తెల్లగా మాడిపోయింది! రంగు కనబడాల్సిన ఒకే ఒక్క చోట రంగు పోయిందన్నమాట. ఇటువంటి పొరల రంగుకు ఆయుష్షు మాత్రం ఎక్కువ. 1888లో లండన్‌లో ఎలెన్‌ టెర్రీ అనే నటి లేడీ మాక్‌బెత్‌ వేషానికి వేసుకున్న గౌను మీద ఈ కుటుంబపు పురుగుల రెక్కపెంకులు వెయ్యి దాకా కుట్టారు. అవి ఇప్పటికీ మెరుస్తున్నాయి.

వెలుగుతో ఈ తంటా కెమెరాల కన్నా పాతది. రాబర్ట్‌ హుక్‌ 1665లో ‘మైక్రోగ్రాఫియా’ అచ్చు వేసినప్పుడు ఫోటోగ్రఫీ లేదు, సూక్ష్మదర్శినిలో చూసినది చూసినట్టు చేత్తో బొమ్మ గీయాలి. ఈగ కన్ను గీయబోతే అది ఒక వెలుగులో చిల్లులున్నట్టు, మరో వెలుగులో బొడిపెలున్నట్టు, ఎండలో బంగారు మేకులు దిగ్గొట్టినట్టు కనిపించింది. ఉన్నది గుంటో, మిట్టో, నీడో, మచ్చో తేల్చుకోవడానికి వెలుగును రకరకాలుగా మార్చి చూడవలసి వచ్చిందని ఆయన రాసుకున్నాడు. ఎండను సూటిగా వేస్తే మెరుపులు తప్ప మరేమీ కనబడవు. అందుకని నూనె రాసిన కాగితాన్ని వస్తువుకు బాగా దగ్గరగా నిలబెట్టి, పెద్ద భూతద్దంతో ఎండను ఆ కాగితం మీదికి మళ్లించాడు. కాగితమంతా వెలిగింది, వస్తువు ఆ కాగితపు వెలుగులో కనిపించింది. ఫోటోగ్రఫీని లోకానికి ప్రకటించిన 1839కి 174 ఏళ్ల ముందు సంగతి ఇది. నేటి ఫోటోగ్రాఫర్లు డిఫ్యూజర్‌ పేరుతో కొనుక్కునేది హుక్‌ గారి నూనె కాగితాన్నే. చీమ కదలకుండా ఉండడానికి హుక్‌ దానికి సారా పట్టించాడు కూడా. ఆ పద్ధతిని మాత్రం ఆయనకే వదిలేద్దాం.

దగ్గరికి వెళ్లేకొద్దీ వెలుగు ఎందుకు చాలదు అన్నది తర్వాతి ప్రశ్న. మనిషి ఫోటో తీసేటప్పుడు ముక్కు నుంచి చెవి దాకా స్పష్టంగా రావడం పెద్ద విషయం కాదు. పురుగు దగ్గర లెక్క మారుతుంది. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సరు ఉన్న పెద్ద కెమెరాతో పురుగు ఎంత ఉందో సెన్సరు మీద అంతే పడేలా తీశామనుకోండి. వెలుగును లోపలికి వదిలే ఎపర్చర్‌ రంధ్రాన్ని ఎఫ్‌ 11 దాకా మూసినా స్పష్టంగా వచ్చే లోతు సుమారు 1.3 మిల్లీమీటర్లే. కన్ను తేటగా ఉంటే మీసం మసక. ఆ కాస్త లోతు కోసం ఎఫ్‌ 2.8 నుంచి ఎఫ్‌ 11కి మూసినందుకు వెలుగు 16వ వంతుకు పడిపోయింది. లెన్సును సెన్సరు నుంచి దూరం జరిపి అంత పెద్దది చేసినందుకు మరో నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక గాలి. ఆకు సెకనుకు 5 సెంటీమీటర్ల వేగంతో ఊగుతోందనుకుంటే, సెకనులో 50వ వంతు షట్టర్‌ తెరిచి ఉన్నంతలో అది ఒక మిల్లీమీటరు జరుగుతుంది. సెంటీమీటరు వెడల్పు దృశ్యం తీస్తున్నప్పుడు ఒక మిల్లీమీటరు అంటే ఫోటోలో పదో వంతు. పురుగు బొమ్మ అలికేసినట్టు వస్తుంది.

ఇక్కడ సాదా కెమెరా వారు కొంచెం కాలర్‌ ఎగరేయవచ్చు. ఆరు మిల్లీమీటర్ల చీమతో 36 మిల్లీమీటర్ల సెన్సరు నిండాలంటే దాన్ని ఆరు రెట్లు పెద్దది చేయాలి. లెన్సును దూరం జరిపే పద్ధతిలో అయితే వెలుగు 49వ వంతుకు పడిపోతుంది. జేబులో పట్టే కెమెరాలో సెన్సరు వెడల్పే సుమారు ఆరు మిల్లీమీటర్లు. చీమ దానికి ఉన్నదున్నట్టు సరిపోతుంది, వెలుగు నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. మరో లాభం షట్టర్‌ది. లెన్సు మార్చే కెమెరాల్లో చాలావాటికి సెకనులో 200 లేదా 250వ వంతు కన్నా వేగంగా షట్టర్‌ నడిపితే మామూలు ఫ్లాష్‌ వెలుగు ఫోటో అంతా పడదు. లెన్సు లోపలే ఆకుల్లాంటి రేకులతో తెరుచుకునే షట్టర్‌ ఉన్న చిన్న కెమెరాలకు ఈ బెడద ఉండదు, వెయ్యో వంతులోనూ ఫ్లాష్‌ పనిచేసేవి ఉన్నాయి. అయితే చిన్న సెన్సరుకు చీకటి పడదు. వెలుగుకు స్పందించే చురుకుదనాన్ని, అంటే ఐఎస్‌ఓను, పెంచితే ఇసుక చల్లినట్టు గరుకుదనం వచ్చేస్తుంది. ఎపర్చర్‌ను మరీ మూస్తే వెలుగు అంచుల దగ్గర వంగి, ఎఫ్‌ 8 దగ్గరకు వచ్చేసరికి ఒక్కో చుక్క సుమారు 10 మైక్రాన్ల మేర పరుచుకుంటుంది. ఆ సెన్సరు మీది పిక్సెల్‌ వెడల్పేమో ఒకటిన్నర మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అందుకని వీటిలో ఎఫ్‌ 4, ఎఫ్‌ 5 దగ్గర ఆగడం మేలు. ఐఎస్‌ఓ 100 దగ్గరే ఉంచి, తక్కువైన వెలుగును బయటి నుంచి తెచ్చి పోయాలి. ఖర్చు పెట్టదలచుకుంటే అక్కడే పెట్టాలి.

వెలుగు పోయడానికి ముందు దానికి దారి ఉండాలి కదా. చాలా చిన్న కెమెరాల్లో మాక్రో బొత్తాం నొక్కితే ఒక సెంటీమీటరు దూరం నుంచి తీయవచ్చని గొప్పగా రాసి ఉంటుంది. లెన్సు పురుగుకు సెంటీమీటరు దూరంలో ఉంటే వెలుగు ఎటు నుంచి రావాలి? కెమెరా నీడే పురుగును కప్పేస్తుంది, ఆ నీడ చూసి పురుగు ఎగిరిపోతుంది. కెమెరాలో జూమ్‌ ఉంటే దాన్ని పూర్తిగా చాచి, లెన్సు ముందు క్లోజప్‌ కటకం ఒకటి బిగించడం మంచి దారి. 8 డయాప్టర్ల కటకం అయితే దాని నుంచి సుమారు పన్నెండున్నర సెంటీమీటర్ల దూరంలో పురుగు స్పష్టమవుతుంది. ఆ జానెడు లోపు ఖాళీయే మన వెలుగుకు చోటు.

ఇప్పుడు వెడల్పు సంగతి. సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు, కానీ ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. చీమ తలెత్తి చూస్తే అంత సూర్యుడూ ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే ఆక్రమిస్తాడు. అందుకే మిట్టమధ్యాహ్నపు ఎండలో నీడల అంచులు కత్తితో కోసినట్టుంటాయి, నల్లచీమ వీపు మీద సూది మొనంత మెరుపు వస్తుంది. కెమెరా మీది మూడు సెంటీమీటర్ల ఫ్లాష్‌ 15 సెంటీమీటర్ల దూరంలో 11 డిగ్రీలు ఉంటుంది. చూశారా, చీమకు సూర్యుడి కన్నా ఫ్లాష్‌ పెద్దది. పదిహేను సెంటీమీటర్ల వెడల్పున్న తెల్లకాగితం ముక్కను పురుగుకు పది సెంటీమీటర్ల దూరంలో పట్టి, దాని వెనక నుంచి ఫ్లాష్‌ వేస్తే అది 74 డిగ్రీలు ఆక్రమిస్తుంది, సూర్యుడికి 140 రెట్ల వెడల్పు. చీమ నెత్తిన ఒక చిన్న ఆకాశమే కమ్మినట్టు. మనకు మబ్బు పట్టిన ఆకాశం ఇచ్చే మెత్తని వెలుగును దానికి ఆ కాగితం ఇస్తుంది.

ఈ లెక్క తెలిస్తే బజారులో దొరికే కొన్ని వస్తువుల విలువ కూడా తెలుస్తుంది. ఫ్లాష్‌ తలకు తొడిగే చిన్న తెల్ల ప్లాస్టిక్‌ టోపీలు అమ్ముతుంటారు. గదిలో మనుషులను తీసేటప్పుడు గోడలకు తగిలి వెలుగు తిరిగి వస్తుంది కనుక వాటి ఉపయోగం కొంత ఉంది. పురుగుల దగ్గర దాదాపు ఏమీ లేదు. టోపీ తెల్లదే, కానీ దాని వెడల్పు ఫ్లాష్‌ వెడల్పంతే. వెలుగులో కొంత తినేసి, మెరుపు మరకను అలాగే ఉంచుతుంది. వెలుగును చెదరగొట్టే తెర పెద్దదిగా ఉండాలి, పురుగు దగ్గరికి రావాలి. ఈ రెండూ లేనిది ఎంత ఖరీదుదైనా వృథా.

సొంతంగా చేసుకోవడం కష్టమేమీ కాదు. కేజీ పెరుగు వచ్చే తెల్లని డబ్బా అడుగున లెన్సు గొట్టం పట్టేంత గుండ్రటి రంధ్రం కోయండి. డబ్బా మూతి పురుగు వైపు ఉండేలా గొట్టానికి తొడగండి. కెమెరా ఫ్లాష్‌ వెలుగు డబ్బా పైగోడ మీద పడి, ఆ గోడ అంతా వెలిగి, పురుగు మీదికి దిగుతుంది. కొంత లోపలి గోడల మీద పడి కింది నుంచి, పక్కల నుంచి కూడా వెళ్లి నీడలను పల్చన చేస్తుంది. లెన్సు గొట్టం నీడ పడే గొడవ కూడా దీంతోనే తీరిపోతుంది. డబ్బా దొరకకపోతే బటర్‌ పేపరు, ట్రేసింగ్‌ పేపరు, కొత్త టీవీ చుట్టి వచ్చే పల్చని తెల్ల ఫోమ్‌, ఏదైనా పనికొస్తుంది. రెండు పొరలు వేస్తే వాటి మధ్య రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. మొదటి పొర వెలుగును చెదరగొడితే రెండో పొర అంచుల దాకా సమంగా వెలుగుతుంది. రెంటినీ అతికించేస్తే నడుమ ఒక వెలుగు ముద్ద మిగిలిపోతుంది, పురుగు వీపు మీద ఆ ముద్దే కనిపిస్తుంది. తెర అచ్చమైన తెలుపు కావాలి. పాతబడి పసుపెక్కిన ప్లాస్టిక్‌ వాడితే పురుగూ పసుపెక్కుతుంది.

తెర వేస్తే వెలుగు తగ్గదా అని అడగవచ్చు. తగ్గుతుంది, పొరను బట్టి సగానికో, నాలుగో వంతుకో. కానీ వెలుగు దూరం వర్గాన్ని బట్టి మారుతుంది. అర మీటరు దూరాన ఉన్న ఫ్లాష్‌ను పది సెంటీమీటర్ల దూరానికి తెస్తే 25 రెట్లు పెరుగుతుంది. మరీ దగ్గరగా వచ్చిన పెద్ద తెరకు ఈ లెక్క అచ్చంగా వర్తించకపోయినా, పోయినదాని కన్నా వచ్చేదే ఎక్కువ. పురుగు వెనక చిమ్మచీకటి రావడానికి కారణం కూడా ఈ సూత్రమే. పురుగు పది సెంటీమీటర్ల దూరంలో, వెనక పొద మీటరు దూరంలో ఉంటే పొదకు చేరేది నూరో వంతు. చీకటి వద్దనుకుంటే పురుగు వెనక జానెడు లోపల ఒక పచ్చని ఆకు ఉండేలా మీరే పక్కకు జరగండి. లేదా షట్టర్‌ వేగం తగ్గించి పగటి వెలుగును కూడా కొంత రానివ్వండి.

అద్దంతో వెలుగును తిప్పి కొట్టే ఉపాయానికీ పాత చరిత్ర ఉంది. 18వ శతాబ్దంలో యోహాన్‌ లీబర్‌క్యూన్‌ అనే జర్మన్‌ వైద్యుడి సూక్ష్మదర్శినిలో కటకం చుట్టూ పుటాకార దర్పణం ఉండేది. ఎదుటి నుంచి వచ్చిన వెలుగు దానికి తగిలి వెనక్కి తిరిగి వస్తువు ముఖం మీద పడేది. పేగుల్లోని సూక్ష్మగ్రంథులకు పేరిచ్చింది కూడా ఈ లీబర్‌క్యూనే. లెన్సు చుట్టూ తెల్లని చార్టు కాగితం కాలర్‌లా తొడిగితే మీరు చేసేది అదే పని. పొద్దుటి ఏటవాలు ఎండ పురుగు వెనక నుంచి వస్తున్నప్పుడు ఆ కాగితం నుంచి తిరిగి వచ్చే వెలుగు చాలా సార్లు సరిపోతుంది, ఫ్లాష్‌ అక్కరే ఉండదు. తూనీగ రెక్కల ఈనెలు వెనక వెలుగులోనే బాగా కనిపిస్తాయి.

వెలుగు ఏ దిక్కు నుంచి రావాలన్నది చాలామంది పట్టించుకోరు. లెన్సు చుట్టూ వృత్తంలా వెలిగే రింగ్‌లైటుకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ. నాకు మాత్రం అది నచ్చదు. అన్ని వైపుల నుంచి సమంగా పడే వెలుగులో పురుగు చదునైపోతుంది, పైగా కంటిలో చేతి గాజులాంటి గుండ్రటి ప్రతిబింబం మిగులుతుంది. పంటి డాక్టరుకు, కొలతలు తీసేవారికి అది సరే. పురుగుకు పైనుంచి వచ్చే వెలుగే సహజం, ఎందుకంటే పురుగు బతుకే పైవెలుగుతో ముడిపడి ఉంది. వీధిదీపం చుట్టూ పురుగులు ఎందుకు తిరుగుతాయన్న దానిపై 2024లో ‘నేచర్‌ కమ్యూనికేషన్స్‌’ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఎగిరే పురుగులు సాధారణంగా తమ వీపును వెలుగు వైపు తిప్పి ఉంచుతాయి. ఆకాశం నేల కన్నా వెలుగుగా ఉన్నంతకాలం ఆ అలవాటు వాటిని నిటారుగా నిలబెట్టింది. పక్కన దీపం వెలిగితే వీపు అటు తిప్పుకుని, అలా తిరుగుతూ చిక్కుబడిపోతాయి. ఫోటోలోనూ వీపు మీద వెలుగు, పొట్ట కింద కొంచెం నీడ ఉంటేనే మన కన్ను దాన్ని నమ్ముతుంది. తెరను లెన్సుకు పైన, కాస్త ముందుకు వంచి ఉంచండి. పొట్ట కింద మరీ నల్లగా ఉంటే ఆకు మీద ఒక చిన్న తెల్లకాగితం ముక్క పెట్టండి. బిస్కెట్ల రేకుతో కూడా వెలుగును తిప్పికొట్టవచ్చు గానీ, దాని మెరుపు మళ్లీ చుక్కలు పెడుతుంది.

ఫ్లాష్‌ లేకుండా తీయాలంటే మే నెల ఎండలో తెల్ల పంచె చాలు. ఇద్దరు రెండు కొసలు పట్టుకుని పురుగుకు అడుగు ఎత్తున చాపితే అర డిగ్రీ సూర్యుడు నిలువెత్తు తెరగా మారిపోతాడు. మీ నీడ ముందుగా పురుగు మీద పడకుండా రావాలి, అంతే. తెల్లవారుజామున పురుగుల ఒళ్లు చల్లబడి మందకొడిగా ఉంటాయి, కదలవు. అప్పుడు సెకనులో 20వ వంతులో కూడా, కెమెరాను రాయి మీద ఆనించి, తీరికగా తీయవచ్చు. ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించి తీసేవారున్నారు. ఆ ఫోటోల్లో కాళ్లు ముడుచుకున్న తీరు చూస్తే తెలిసిపోతుంది.

ఫోన్‌తో తీసేవారికి ఒక మాట. ఫోన్‌ వెనక వెలిగే దీపాన్ని ఫ్లాష్‌ అంటున్నా, అది కెమెరా ఫ్లాష్‌ వంటిది కాదు. కెమెరాలోని జెనాన్‌ ఫ్లాష్‌ వెలిగేది సెకనులో వెయ్యో వంతో, తక్కువ బలం మీద అయితే పదివేలో వంతు కన్నా తక్కువో. మిగతా వెలుగు తక్కువగా ఉంటే ఆ క్షణమే అసలు షట్టర్‌. ఇందాకటి ఊగే ఆకు ఆ పదివేలో వంతులో జరిగేది మిల్లీమీటరులో 200వ వంతు మాత్రమే. ఫోన్‌ ఎల్‌ఈడీ వెలుగుకు ఆ శక్తి లేదు, అది నిలకడగా వెలిగే టార్చి. ఫోన్‌తో తీసేటప్పుడు పగటి వెలుగు, తెల్లకాగితం నమ్ముకోవడం మంచిది. ఇంట్లో చవకరకం ఎల్‌ఈడీ బల్బుల కింద తీస్తే ఫోటోలో అడ్డచారలు రావడం కూడా చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది కనుక అవి సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. మనకు తెలియదు గానీ షట్టర్‌కు తెలుస్తుంది.

క్షణిక కాంతి ఎంత పని చేయగలదో చూపినవారిలో బ్రిటిష్‌ ఫోటోగ్రాఫర్‌ స్టీఫెన్‌ డాల్టన్‌ ముఖ్యుడు. 1970లలో ఆయన సెకనులో 25 వేలో వంతు మాత్రమే వెలిగే ఫ్లాష్‌ సిద్ధం చేయించుకుని, ఎగురుతున్న పురుగులను గాలిలోనే ఆపి చూపాడు. ఈగ సెకనుకు సుమారు 200 సార్లు రెక్కలాడిస్తుంది. అంత వేగానికి అంత క్షణికమైన వెలుగే కావాలి. ఆయన పుస్తకం 1975లో వచ్చింది. అందులోని పురుగు బొమ్మ ఒకటి 1977లో వోయేజర్‌ నౌకల్లో పంపిన బంగారు పళ్లెం మీదికి ఎక్కింది. ఇప్పుడది సూర్యుడి గాలులు కూడా వీయని చోట పోతోంది.

మెత్తని వెలుగే ఎప్పుడూ మంచిదని మాత్రం అనుకోకండి. ఆరుద్ర కార్తెలో ఎర్రమఖమలులా నేల మీదికి వచ్చే ఆరుద్ర పురుగును చూడండి. ఎనిమిది కాళ్లది కనుక శాస్త్రం దాన్ని సాలీళ్ల బంధువుగా లెక్కిస్తుంది గానీ, మన లెక్కలో అదీ పురుగే. దాని ఒళ్లంతా దట్టమైన నూగు. ఎటు నుంచి పడ్డ వెలుగునైనా ఆ నూగు చెదరగొట్టేస్తుంది, మెరుపు మరక పడే ప్రశ్నే లేదు. పెద్ద తెరతో తీస్తే నూగు కూడా కలిసిపోయి ఎర్రని ముద్ద మిగులుతుంది. ఇక్కడ తెరను చిన్నది చేసి, ఒక పక్క నుంచి, నేలకు దగ్గరగా వెలుగు వేయాలి. ఒక్కో వెంట్రుకకూ ఒక్కో నీడ వస్తే తప్ప ఆ మెత్తదనం తెలియదు. నున్నని దానికి వెడల్పు వెలుగు, నూగు దానికి ఏటవాలు వెలుగు. గొంగళి పురుగులకూ, బొద్దు వెంట్రుకల తుమ్మెదలకూ ఇదే వర్తిస్తుంది.

ఇదంతా సరదా కోసమే కాదు. 2021-22లో గుంటూరు, ఖమ్మం, వరంగల్‌ వైపు మిరప తోటలను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. మిల్లీమీటరు పొడవుండే ఆ పురుగును, మిరపను ఎప్పటి నుంచో ఆశించే మామూలు తామర పురుగు నుంచి వేరుచేసి చూడడానికి రైతుకు దొరికే తొలి ఆనవాలు రంగే. కొత్తది ముదురు రంగుది, పూలలో గుంపులుగా చేరుతుంది. పాతది లేత పసుపు, ఎక్కువగా ఆకుల మీద ఉంటుంది. పూలను తెల్లకాగితం మీద దులిపి ఫోన్‌తో ఫోటో తీసి వ్యవసాయ అధికారికి పంపడం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడే వెలుగు మోసం చేస్తుంది. కెమెరా తాను చూసే ప్రతి దృశ్యమూ సగటున బూడిదరంగులో ఉంటుందన్న లెక్కతో పనిచేస్తుంది. దృశ్యమంతా తెల్లకాగితమే అయితే దాన్ని బూడిదగా మార్చి పెడుతుంది, దానితోపాటు లేత పసుపు పురుగు కూడా నల్లబడుతుంది. సాయంత్రం పసుపు బల్బు కింద తీస్తే రంగు ఇంకో దారి పడుతుంది.

కాబట్టి మిరప పూత మీద పురుగు ఫోటో తీసేటప్పుడు ఎండలో కాకుండా, చెట్టు నీడలో కాకుండా, తెల్ల గుడ్డ చాపిన వెలుగులో తీయండి. చెట్టు నీడలో ఆకుల పచ్చదనం కూడా పురుగు మీద పడుతుంది. ఫోన్‌ తెర మీద పురుగును వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరిపి, కాగితం ఫోన్‌ తెర మీద కూడా తెల్లగా కనిపించేదాకా వెలుగు పెంచండి. ఫోటోతో పాటు పురుగు ఆకు పైన ఉందో, కింద ఉందో, పువ్వులో ఉందో, ఏ రోజు చూశారో రాసి పంపండి. జవాబు వచ్చేదాకా మందు కొనకండి.